చిన్న విమానము – అద్దపు పందిరి

గోదావరిఖనిలో కాపురము చేయు సోదరీమణులకు దుమ్మును గూర్చి మేము క్రొత్తగ చెప్పవలసినది లేదు. ప్రొద్దున తుడిచిన కిటికీచెక్క మధ్యాహ్నమునకు మరల నల్లబడును. ఓపెన్‌కాస్టు గనులలో మందు పేల్చు వేళ గాలి యేవైపునకు వీచుచున్నదో చూచుకొని గాని తెల్లబట్టలు దండెముపై ఆరవేయరు. ఒకవైపు బొగ్గుపొడి, మరియొకవైపు రామగుండము విద్యుత్కేంద్రముల బూడిద. ఈ రెంటి నడుమ ఇల్లు తెల్లగ నుంచుకొనుటయే ఇచటి యిల్లాండ్రకు నిత్యవ్రతము. ఇట్టి యూరిలో, బొటనవ్రేలి గోరంత అద్దపు ముక్కపై ఒక్క నలుసైనను పడకుండ చాయ వేయుటకు పూనుకొన్న పిల్లలున్నారన్న మీకు ఆశ్చర్యము కలుగవచ్చును. మాకును కలిగినది. అందుచేతనే ఈ విద్యను గూర్చి విచారించి, తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

పెట్టెలో నొక ప్లాస్టిక్ చట్రమునకు అంటుకొని విమానపు భాగములు విడివిడిగ వచ్చును. వానిని కోసి, అరగదీసి, జిగురుతో నతికి, రంగులు వేసి, నిజమగు విమానమునకు అన్ని కొలతలయందును సరిపోవు చిన్న ప్రతిరూపమును చేయుదురు. మిక్కిలి వాడుకలో నున్నది 72వ వంతు కొలత. ఈ సంఖ్య యెక్కడిదని యడిగెదరేమో. ఆరడుగుల మనిషికి 72 అంగుళములు గదా; ఈ కొలతలో నతడు సరిగా నొక్క అంగుళమగును. 1930 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండునందు స్కైబర్డ్స్ అను పేర ఈ కొలతగల కొయ్యబొమ్మలు వచ్చినవి. 1936లో ఫ్రాగ్ వారు పెంగ్విన్ అను పేర ప్లాస్టిక్ భాగములను అమ్మసాగిరి. యుద్ధకాలమున, 1942లో, శత్రువిమానమేదో మిత్రవిమానమేదో ఆకారమునుబట్టి పోల్చుకొను శిక్షణ కొరకు ఐదులక్షల బొమ్మలు కావలెనని అమెరికా నౌకాదళమువారు బడిపిల్లలను కోరిరి. ఆ కొయ్యబొమ్మలును 72వ వంతువే. వానికి నల్లరంగు పూసిన చాలును. ఆకాశమున నీడవలె కనబడుటయే వాని పని గనుక అద్దము అక్కరలేదు.

మేము చూచిన బొమ్మ ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో నొక గనికార్మికుని క్వార్టరునందు తయారగుచున్నది. చేయుచున్నది పదవ తరగతి చదువు బాలిక. విమానము స్పిట్‌ఫైరు. ఎక్కడి ఇంగ్లండు విమానము, గోదావరిఖని పిల్ల కేల యని మేమును అనుకొంటిమి. ఆమె తన పుస్తకములోని పటమును చూపినది. విమానపు ప్రక్కన యూ, ఎమ్ అను అక్షరములున్నవి. అవి 152వ స్క్వాడ్రను గుర్తు. ఆ దళము పూర్తి పేరు 152 హైదరాబాదు స్క్వాడ్రను!

ఈ కథ మనలో చాలమందికి తెలియదు. మొదటి మహాయుద్ధము చివర, 1918లో, నైజాము నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన ధనముతో బ్రిటిషువారి 110వ స్క్వాడ్రనునకు డీహెచ్ 9ఏ విమానములు సమకూడినవి. ఆ దళమునకు హైదరాబాదు పేరు పెట్టిరి. రెండవ యుద్ధమునందును నైజాము విరాళమిచ్చెను. అందువలన 152వ దళమునకును, 253వ దళమునకును మన రాజధాని పేరు, మన రాజ్యము పేరు వచ్చినవి. 152వ దళపు చిహ్నముపై నైజాము తలపాగా చిత్రింపబడియున్నది. 1940 వేసవిలో ఈ దళము ఇంగ్లండు దక్షిణతీరమున వార్మ్‌వెల్ నుండి స్పిట్‌ఫైరులతో పోరాడెను. పిమ్మట బర్మా రంగమునకు వచ్చెను. ఆనాటికి గోదావరిఖని యను బస్తీయే లేదు. ఈ చేలన్నియు నైజాము రాజ్యమందలి కరీంనగరు జిల్లాలోనివి. ఖజానాలో చేరిన శిస్తులో ఈ చేల శిస్తును కలదు గదా. ఆ విమానపు రెక్కలో ఏ మూలనో మా ముత్తాత పండించిన జొన్నకంకి యొకటి ఉన్నదని ఆ బాలిక నవ్వుచు చెప్పినది. ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది. ఆ కంకిని అడిగి తీసికొన్నారా, అడుగక తీసికొన్నారా యన్నది వేరు ప్రశ్న; శిస్తు కట్టిన రైతు నెవ్వరును అడిగియుండరు.

ఇక అద్దపు పందిరి మాట. విమానము నడుపువాడు కూర్చుండు గూటిపై అద్దమువలె కనబడు మూత యుండును. దానిని ఇంగ్లీషువారు కేనపీ యందురు. పందిరి యను మాటయే దానికి సరిపోవును. స్పిట్‌ఫైరు రెక్కల వెడల్పు సుమారు 37 అడుగులు. బొమ్మలో అది ఆరంగుళములు. పందిరి మాత్రము మూడు తునకలు: ముందరి గాలిమరుగు అద్దము, జరుగు మూత, వెనుకటి అద్దము. వానిని పట్టియుంచు లోహపు పట్టీలు బొమ్మలో ఒక మిల్లీమీటరునకు లోపుగనే యుండును. పట్టీలకు రంగు పడవలెను. నడుమ అద్దమునకు పడరాదు. విమానమంతయు ఎంత చక్కగ చేసినను పందిరి మసకబారినచో చూచువారి కన్ను మొట్టమొదట అక్కడనే పడును. తక్కిన భాగములలో దోషమున్న పూడ్చి, అరగదీసి, మరల రంగు వేయవచ్చును. అద్దమును అట్లు దిద్దుట కష్టము. పెట్టెలో రెండవది యుండదు. ఇదియే ఈ పనిలోని చిక్కు.

నిజమైన స్పిట్‌ఫైరు పందిరి గాజుతో చేసినది కాదు. పర్‌స్పెక్సు అను అక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసినది. ఈ పర్‌స్పెక్సును గూర్చిన సంగతి యొకటి మీ యింటి పెద్దవారికి చదివి వినిపింపదగినది. 1940 ఆగస్టు 15వ తేదీన గార్డన్ క్లీవర్ అను వైమానికుని హరికేను విమానపు పందిరి తుపాకిగుండ్లకు పగిలి, దాని తునకలు ఆతని రెండు కన్నులలోనికి చొచ్చుకొనిపోయెను. ఆతనికిని, అట్టి గాయములే తగిలిన ఇతరులకును చికిత్స చేసిన వైద్యులలో హెరాల్డ్ రిడ్లీ యొకడు. కంటిలో నేదైన నలుసు పడిన కన్ను ఎర్రబడి, వాచి, నీరుకారుట లోకమెరిగినదే. ఈ పర్‌స్పెక్సు తునకలు మాత్రము కంటిలో నేండ్లు గడచినను ఊరకుండుట ఆయన గమనించెను. మోతిబిందు వచ్చి పొర తీసివేసిన కంటికి అంతవరకు దట్టమైన కళ్ళజోడు తప్ప వేరు దిక్కులేదు. తీసివేసిన సహజపు బిళ్ళకు బదులుగ ఈ పదార్థముతోనే బిళ్ళ చేసి కంటిలోపల నేల యమర్పరాదని ఆయన యోచించెను. 1949 నవంబరు 29వ తేదీన లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నలుబదియైదేండ్ల స్త్రీ కంటిలో మొదటి బిళ్ళను అమర్చెను. తోడి వైద్యులు చాలమంది చాలకాలము ఆయనను ఆక్షేపించిరి. నేడు మన గ్రామములలోని అవ్వలు శిబిరమునకు పోయి, మరునాడు పట్టీ విప్పించుకొని మనుమల మొగములు చూచుచున్నారన్న దానికి మూలమిది. మధురైలో అరోల్యాబువారు 1992 మొదలుకొని ఈ బిళ్ళలను చౌకగ చేయుటచేత బీదలకును అందుబాటులోనికి వచ్చినవి. ఇప్పుడు వాడు బిళ్ళలలో మడవ వీలగు మెత్తని అక్రిలిక్‌తో చేసినవి ఎక్కువ. మేము చూచిన బాలిక యవ్వ కంటిలోను బిళ్ళ యున్నది. మనుమరాలు చేతబట్టుకొన్న అద్దపు పందిరికిని, తన కంటికిని చుట్టరికమున్నదని విని ఆ ముసలమ్మ చాలసేపు ఆ ముక్కను వెలుతురునకు పట్టి చూచినది.

స్పిట్‌ఫైరు పందిరి తేటగనే యుండును. చాయగల పందిళ్ళు జెట్టు విమానములకు వచ్చినవి. మన వైమానికదళములో 2020లో చేరిన రఫేలు విమానపు పందిరి ఎండలో పసిడిచాయతో మెరయుట పటములలో మీరు చూచియే యుందురు. అమెరికావారి ఎఫ్-16 పందిరులలో కొన్నిటికి ఇండియము, తగరము కలిసిన పలుచని పూత యుండును. దానిచేత పొగచాయయు, పసిడిచాయయు కలిసి కనబడును. దీనికి కారణము అలంకారము కాదు. రాడారు అలలు మామూలు పందిరిగుండ లోనికి దూరి, ఆసనమునకు, పనిముట్లకు, మనిషి శిరస్త్రాణమునకు తగిలి మరల శత్రువు కడకు పోవును. విద్యుత్తును ప్రసరింపజేయు పలుచని పూత యున్నచో ఆ అలలు లోనికి పోక పైనుండియే ప్రక్కలకు చెదరిపోవును. ప్రౌలరు అను నౌకాదళపు విమానమునకు నిజముగ బంగారపు పూతయే పూసిరి. ఆ విమానము తాను ప్రసరింపజేయు బలమైన రేడియో అలలనుండి లోని మనుష్యులను కాపాడుటకు. అంతరిక్షమున నడచువారి శిరస్త్రాణపు అద్దమునకును ఎండ తాకకుండ బంగారమే పూయుదురు. ఆ పూత యెంత పలుచనన్న దానిగుండ చూపు నిరాటంకముగ సాగును. బంగారమును ఇంత పొదుపుగ వాడుట మన పెండ్లిండ్లలో నెవ్వరికిని తోచలేదు! హ్యూయీ అను హెలికాప్టరునకు తలపైనున్న అద్దములు మాత్రము ఎండ తగ్గించుటకై ఆకుపచ్చగ నుండును.

ఈ చాయను బొమ్మపై తెచ్చుట యెట్లు? ఇక్కడ మన తోలుబొమ్మలను జ్ఞాపకము చేసికొందము. నిమ్మలకుంట మొదలగు చోట్ల తోలును వెలుతురు దూరునంతవరకు పలుచబరచి, దానిపై రంగులు వేయుదురు. తెరవెనుక దీపము వెలిగినపుడు రంగు కాంతితో కలిసి తెరపై పడును. గోడకు పూయు సున్నమువంటి రంగు అచట వేసిన దీపమును మూసివేసి నల్లని నీడయే మిగులును. అట్లే పందిరికిని కావలసినది కాంతిని పోనిచ్చు రంగు. బొమ్మలు చేయువారి రంగులలో తేటరంగులని వేరుగ నున్నవి: తేటపసుపు, తేటనారింజ, తేటనీలము, తేటఆకుపచ్చ, పొగరంగు. టమియా యను జపానువారి సీసాలు ఎక్కువగ వాడుకలో నున్నవి. పసిడిచాయకు తేటపసుపులో పొగరంగు చుక్కలు కొన్ని కలిపి, ఆ మిశ్రమమును మెరుపునిచ్చు తేటవార్నీషులో పలుచగ కలుపవలెను. పొగచాయకు పొగరంగొక్కటియే చాలును.

ఆ బాలిక తన తమ్ముని రఫేలు పందిరికి ఈ చాయ వేయుచుండగా మేమచట నుంటిమి. తమ్మునికి ఓపిక తక్కువయట. పందిరి పని మాత్రము అక్కకు అప్పగించెను.

“ఏంది బిడ్డా, గా అద్దానికి పసుపు పూస్తున్నవా?” అని అవ్వ అడిగినది.

“పసుపు కాదవ్వా, రంగు. ఇంకా రెండు సార్లు వెయ్యాలె.”

“ఒక్కసారే దట్టంగ పుయ్యరాదా?”

“దట్టంగ పూస్తే మూలల్ల గడ్డ కడుతదవ్వా.”

ఆ జవాబులో సగము విద్య యున్నది. తేటరంగు దట్టముగ పడినచోట ముదురుగను, పలుచగ పడినచోట లేతగను కనబడును. కుంచెతో వేసినచో గీతలు గీతలుగ తేలును. కావున ఎయిర్‌బ్రష్షుతో మంచుతెరవంటి పలుచని పూతలు మూడు నాలుగు వేసి, ఒక్కొక్కటి ఆరిన పిమ్మట తెల్లకాగితముపై నుంచి చూచుకొనవలెను. నల్లని బల్లపై చూచిన చాయ తెలియదు. ఎయిర్‌బ్రష్షు లేనివారు ముంచు పద్ధతి నవలంబింతురు. చాయ కలిపిన తేటవార్నీషులో పందిరిని పట్టకారుతో ముంచి, మెల్లగ పైకి తీసి, అంచును మెత్తని కాగితపు మూలకు తాకించిన మిగులు ద్రవము కాగితములోనికి పీల్చుకొనబడును. పిదప గిన్నె బోర్లించి రెండు దినములు దాని జోలికి పోరాదు. మా యుద్దేశములో క్రొత్తగ నేర్చుకొనువారికి ముంచుటయే మేలు. చిన్న పందిరికి చాయ సమముగ పట్టును, యంత్రపు ఖర్చు తప్పును. పూత చెడినచో అక్రిలిక్ రంగులైన అమ్మోనియా కలిసిన అద్దములు తుడుచు నీటితో విడదీసి మరల మొదలిడవచ్చును. గోళ్ళరంగు తుడుచు ద్రవమును మాత్రము తాకింపరాదు. అందులో తరచుగ అసిటోను ఉండును. అది తగిలిన క్షణమున తేట ప్లాస్టిక్ కరగి తెల్లబడును.

చాయకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. బుడగవలె గుండ్రని పందిళ్ళకు నడినెత్తిన అచ్చు గీత యుండును. దానిని పదునైన బ్లేడుతో మెల్లగ గీకి, క్రమక్రమముగ మెత్తనగు ఉప్పుకాగితములతో నీరు చల్లుచు అరగదీసి, చివర టూత్ పేస్టుతో మెరుగుపెట్టవలెను. మొదటి యరగదీతకు పందిరి గ్రుడ్డిదైపోయినట్లు కనబడును. భయపడి విడువరాదు; వంటింటి ఇత్తడిపాత్రను చింతపండుతో తోమినట్లే, మెరుపు చివరి తోముడులో వచ్చును.

తరువాతిది మరుగువేయుట, దీనినే మాస్కింగందురు. ఇదియు మనకు పరాయి విద్య కాదు. పోచంపల్లి నేతగాండ్రు నూలును చిటికీ కట్టుటలో చేయునది యేమి? రంగు పట్టరాని చోట గట్టిగ కట్టివేసి, తక్కిన నూలును రంగులో ముంచుదురు. కట్టు విప్పిన పిమ్మట తెలుపు తెలుపుగనే యుండును. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిరంగు సోకరాని చోట మైనము రాయుటయు ఇట్టిదే. పందిరిపై అద్దపు భాగములను కట్టివేసి, పట్టీలను రంగునకు విడిచిపెట్టవలెను.

దీనికి వాడునది పలుచని పసుపుపచ్చని కాగితపు టేపు. బజారులో గోడలకు రంగువేయువారు వాడు టేపు దట్టమైనది. దాని క్రిందికి రంగు పాకును. పలుచని టేపును అద్దపు పలకపై నతికి, క్రొత్త బ్లేడుతో అంచు నొకసారి కోసి పారవేయవలెను, ఏలననగా చుట్ట అంచునకు అప్పటికే దుమ్ము పట్టియుండును. మన యూరిలో చెప్పనక్కరలేదు. పిదప సన్నని పోగులుగ కోసి, పట్టీ యంచువెంబడి ఒక్కొక్క పోగును అతుకవలెను. వంపు తిరిగిన చోట వెడల్పు టేపు ముడుతపడును. సన్నని పోగు వంపుతో పాటు తిరుగును. అంచులన్నియు అయిన తరువాత నడిమి ఖాళీని టేపు ముక్కతో గాని, రబ్బరుపాలవలె ఆరు మాస్కింగు ద్రవముతో గాని నింపవచ్చును. చివర దంతపుపుల్ల మొనతో అంచులను నొక్కవలెను. సరిగ అంటిన చోట టేపు రంగు కొంచెము ముదురును. లేతగ కనబడిన చోట గాలి యున్నదని గుర్తు. చెక్ దేశపు ఎడువార్డువారు ఒక్కొక్క విమానమునకు కొలిచి కోసిన మరుగుకాగితములను అమ్ముచున్నారు. సోమరుల పనియని కొందరందురు గాని, కన్నులకు శ్రమ తగ్గించునది ఏదైనను మాకు సమ్మతమే. స్పిట్‌ఫైరు మూడు ముక్కలకును చేతితో మరుగు వేయుటకు ఆ బాలికకు రెండు ఆదివారములు పట్టినవి.

రంగు వేయుటలో నొక చమత్కారము కలదు. పట్టీలపై మొదట విమానపు వెలుపలి రంగు వేయరు; లోపలి రంగు వేయుదురు. స్పిట్‌ఫైరునకు అది బూడిద కలిసిన ఆకుపచ్చ. దానిపై వెలుపలి రంగు వేయుదురు. పందిరి తేటది గనుక లోపలినుండి చూచినపుడు పట్టీల క్రింది రంగు కనబడును. గూటి లోపలి గోడలును అదే రంగువి. రెండు ప్రక్కలు నేత యున్న చీర కొంగువలె లోన నొక రంగు, పైన నొక రంగు. పైగా ఆ మొదటి పూతయే టేపు అంచున నున్న సందులను పూడ్చివేయును. రెండవ రంగు లోనికి పాకదు.

ఇక మన యూరి సంగతి. వేసవిలో రామగుండమున ఎండ 45 డిగ్రీలు దాటు దినములు అరుదు కావు. అట్టి మధ్యాహ్నమున ఎయిర్‌బ్రష్షు నుండి వెడలిన రంగుచుక్క పందిరిని చేరులోపలనే సగమారి, పొడివలె పడి, అద్దమును గరుకు చేయును. టేపు జిగురు కరగి అంటుకొనిపోవును. వానకాలమున గాలిలోని తేమ చేత లాకరు పూతలు తెల్లబడును. కావున వేసవిలో తెల్లవారుజామున, వానకాలమున తెరపి యిచ్చిన పగటివేళ ఈ పని పెట్టుకొనవలెను. గదిలో ముందుగ నేల తడిగుడ్డతో తుడిచి, గాలిలోని పొడి అణగువరకు ఆగవలెను. ఫాను వేయరాదు. పొడిగుడ్డతో రుద్దిన ప్లాస్టిక్ విద్యుత్తు పట్టి దుమ్మును లాగుకొనును. అందుచేత సబ్బునీటితో కడిగి, రుద్దక, గిన్నె క్రింద నారనీయవలెను. పాలపై మూత పెట్టు జాగ్రత్త యెవ్వరికి కలదో వారికి ఈ భాగము నేర్పనక్కరలేదు. పిల్లలకు మాత్రము నేర్పవలెను.

ఇప్పుడు చెప్పునది తల్లులు మనసుపెట్టి వినవలయును. ఈ విద్యలో వాడు థిన్నరు ఆవిరి మండునది. క్వార్టరులు చిన్నవి, వంటిల్లు, దేవుని గూడు, పిల్లల బల్ల అన్నియు నాలుగు గోడల నడుమనే. గ్యాసుపొయ్యి వెలుగుచున్నపుడు గాని, దేవునియెదుట దీపమున్నపుడు గాని స్ప్రే చేయనీయరాదు. కిటికీ తెరచి, రంగును బయటివైపునకు చిమ్మునట్లు కూర్చుండబెట్టి, ముక్కునకు మంచి ముసుగు వేయించవలెను. మామూలు గుడ్డ ఆవిరిని ఆపదు. రాత్రి డ్యూటీ చేసివచ్చి తండ్రి నిద్రించు గదిలో ఈ పని అసలే వలదు. బొగ్గుపొడి నడుమ ఎనిమిది గంటలు గడపి వచ్చిన రొమ్ములకు ఇంటిలోనైన మంచిగాలి దక్కవలెను గదా. కంప్రెసరు చప్పుడును ఆయన నిద్రకు శత్రువే.

అన్నిటికంటె ముఖ్యమైనది: థిన్నరును త్రాగునీటి సీసాలలోగాని, శీతలపానీయపు సీసాలలోగాని పోసి యుంచరాదు. చూచుటకది నీరువలెనే యుండును. ఎండలో ఆడి వచ్చిన చిన్నబిడ్డ యే సీసా కనబడిన నది ఎత్తును. కొన్న డబ్బాలోనే, పేరు కనబడునట్లు, తాళము వేసిన బీరువాలో నుంచుడు. పొరపాటున బిడ్డ త్రాగినచో వాంతి చేయింపరాదు. ఆ ద్రవము ఊపిరితిత్తులలోనికి పోయి ఎక్కువ కీడు చేయును. డబ్బా చేతబట్టుకొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. బ్లేడును గూర్చి వేరుగ చెప్పనేల? కోయునపుడు వ్రేలు బ్లేడునకు ఎదుట నుండరాదు; పని ముగిసినంతనే మూత పెట్టవలెను.

ఖర్చు మాట. పెట్టెలు చాలవరకు విదేశములనుండి రావలెను. ధర వినగానే ఇల్లాలు నొసలు ముడుచుట సహజము. ఏడాదికి ఒక్క పెట్టెయైన చాలునని మా మతము. తొందరలేనివానికే ఈ పని దక్కును. ఒక్క పందిరిపై నెల గడిపిన పిల్ల రెండవ పెట్టె కొరకు మారాము చేయదు. మగపిల్లవానికి కొనియిచ్చి ఆడపిల్లకు వలదనుట మాత్రము తగదు. మన రాజధాని చెంత దుండిగల్ వైమానిక విద్యాలయముననే 2016 జూన్ 18వ తేదీన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను ముగ్గురు యువతులు యుద్ధవిమానములు నడుపు శాఖలో మొట్టమొదటి స్త్రీలుగ నియమింపబడిరి. 2018 ఫిబ్రవరిలో అవనీ చతుర్వేది మిగ్-21 విమానమును ఒంటరిగ నడిపినది. 2019లో భూగర్భ గనులయందును సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగములలో పగటివేళ స్త్రీలు పని చేయుటకు కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చినది. తండ్రి దిగు గనిలోనికిగాని, అంతకు పైనున్న ఆకాశములోనికిగాని పోవుటకు కూతురికి ఇప్పుడు చట్టము అడ్డు లేదు. మేము చూచిన బాలిక యేమగునో మేమెరుగము, ఆమెయు చెప్పలేదు. స్పిట్‌ఫైరు తోకపై అక్షరములు వంకర పోకుండ నెట్లు అతుకవలెనన్నదే ఆమెకు ఆనాటి చింత.

పందిరిని విమానముపై నతుకుటకు ఫెవిక్విక్ వంటి క్షణములో నతుకు జిగురులను వాడరాదు. వాని ఆవిరి తేట ప్లాస్టిక్‌పై తెల్లని మంచువలె పేరుకొనును. లోపలివైపున పేరుకొన్నది తుడువ వీలుగాదు. ఫెవికాలు వంటి తెల్లని జిగురు చాలును. తెల్లగ పూసినను తేటగ ఆరును, పొంగినది తడిదూదితో పోవును. అతికించుటకు ముందు గూటి లోపల నలుసు, వెంట్రుక లేకుండ చూచుకొనవలెను. అతికిన తరువాత లోపల కనబడిన వెంట్రుక జీవితాంతము అక్కడనే యుండును.

రంగు ఆరినది మొదలు టేపు తీయుటకు చేతులు తహతహలాడును. మరీ పచ్చిగ నున్నపుడు తీసిన రంగు సాగును. వారములకొలది విడిచిన జిగురు అంటుకొనును. ముట్టిన చేతికి అంటనంత ఆరగానే, దంతపుపుల్లతో మూల లేపి, టేపును దానిమీదికే మడచి, నేలకు వాల్చినట్లు మెల్లగ లాగవలెను. నిటారుగ పైకి లాగరాదు. ఆ బాలిక మొదటి పోగు లాగుచుండగా అవ్వయు, తల్లియు, తమ్ముడును ఊపిరి బిగబట్టి నిలిచిరి. వెనుకటి అద్దమున ఒకచోట రంగు వెంట్రుకవాసి లోనికి పాకినది. ఆమె చీపురుపుల్ల మొన చెక్కి, తడిపి, దానిని తుడిచివేసినది. తక్కినదంతయు తేటగ వచ్చినది. లోపలి ఆకుపచ్చని పట్టీలును, వైమానికుని చిన్న ఆసనమును కనబడినవి.

పూర్తయిన విమానమును బీరువాపై నుంచిన వారమునకు పందిరి నల్లబడును. గాజు పెట్టెలో గాని, కనీసము మూతగల తేట ప్లాస్టిక్ డబ్బాలో గాని యుంచవలెను. కిటికీ ఎండ తగులు గోడ పనికిరాదు. ఎండకు తేట ప్లాస్టిక్ పచ్చబడి, చాయ వెలిసిపోవును. నెలకొకసారి పెట్టె తెరచి, బుగ్గలకు పౌడరు అద్దుకొను క్రొత్త కుంచెతో మెల్లగ దులిపిన చాలును. నోటితో ఊదరాదు, తుంపరలు పడి మచ్చలు కట్టును.